రొమ్ము గడ్డలో స్క్వామస్ కణాలు: ఎఫ్‌ఎన్‌ఏసీ చాలా, కోర్ బయాప్సీ చేయాలా?

సన్నని సూదితో గడ్డలోంచి కణాలు లాగి చూడటం ఎఫ్‌ఎన్‌ఏసీ, లావు సూదితో కణజాలం ముక్క తీయడం కోర్ బయాప్సీ. పాల నాళాల లోపలి పొరలో స్క్వామస్ కణాలు (చర్మం పైపొరలో ఉండేలాంటి పలచని కణాలు) చనుమొన తెరుచుకునే చివర్న మాత్రమే ఉంటాయి. అందుకే సూదిలో అవి వచ్చాయంటే ఎక్కడివో తేల్చాకే రిపోర్టు రాయాలి. సూది చర్మం దాటేటప్పుడు అంటుకొచ్చే నాలుగైదు పొలుసులకు ఏ అర్థమూ లేదు.

గడ్డ ఏరియోలా (చనుమొన చుట్టూ ఉండే నల్లని వలయం) కిందో అంచునో ఉండి, ఎర్రబడి, మానినట్టే మాని మళ్లీ లేస్తుంటే ఎఫ్‌ఎన్‌ఏసీయే మేలు. 23 గేజ్ సూది, 10 ఎంఎల్ సిరంజి చాలు. చీము వస్తే కొంత కల్చర్‌కు పంపాలి. పాప్ స్టెయిన్‌కు (కణాలకు వేసే ఒక రకం రంగుకు) పెట్టే స్లైడ్లను పూసిన వెంటనే 95% ఆల్కహాల్‌లో ముంచాలి. ఆరిపోతే న్యూక్లియస్ ఉబ్బి, మసకబారి, లేని అటిపియా (కణాల్లో అసహజ మార్పు) ఉన్నట్టు కనిపిస్తుంది. న్యూక్లియస్ లేని నారింజ రంగు పొలుసులు, వాటి చుట్టూ న్యూట్రోఫిల్స్ (చీములో ఉండే తెల్ల రక్తకణాలు), కెరాటిన్‌ను (పొలుసుల్లో ఉండే గట్టి ప్రోటీన్‌ను) చుట్టేసిన జెయింట్ కణాలు ఉంటే సబ్ఏరియోలార్ ఆబ్సెస్ (ఏరియోలా కింద చీముగడ్డ) అనుకోవచ్చు. నాళంలో కెరాటిన్ బిరడాలా అడ్డుపడి, గోడ పగిలి చీము పట్టే జబ్బు ఇది; పొగతాగేవారిలో ఎక్కువ. కోసి చీము తీసినంత మాత్రాన పోదు, పాడైన నాళాన్నీ తీసేయాలి.

ఇక్కడే రెండు వైపులా పొరపడతాం. మానుతున్న కణజాలంలోని కణాలు పెద్ద న్యూక్లియోలస్‌లతో (న్యూక్లియస్ లోపలి చుక్కలతో) క్యాన్సర్‌లా భయపెడతాయి. అసలు స్క్వామస్ కార్సినోమా (స్క్వామస్ కణాల క్యాన్సర్) మాత్రం చాలాసార్లు నీటి తిత్తిలా ఉంటుంది. సూది మధ్యలోకి దిగితే కుళ్లిన కెరాటిన్, చీము మాత్రమే వస్తాయి, స్లైడ్ అమాయకంగా కనిపిస్తుంది.

కాబట్టి గడ్డ చనుమొనకు దూరంగా ఉన్నా, ద్రవం లాగాక ముద్ద మిగిలినా, అల్ట్రాసౌండ్‌లో గోడ మందంగా కనిపించినా, న్యూక్లియస్ ఉన్న వంకర కణాలు ఒకటి రెండు దొరికినా కోర్ బయాప్సీకే వెళ్లాలి. 14 గేజ్ సూదితో, అల్ట్రాసౌండ్ చూస్తూ, ముక్కలు మధ్య నుంచి కాక గోడ నుంచి, గట్టి భాగం నుంచి తీయాలి. 10% బఫర్డ్ ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటలు ఉంటేనే ఈఆర్, పీఆర్, హెర్2 (రొమ్ము క్యాన్సర్ చికిత్సను ఎంచుకోవడానికి చూసే మూడు గుర్తులు) ఫలితాలను నమ్మవచ్చు. స్క్వామస్ కార్సినోమాలో ఆ మూడూ నెగెటివ్ రావడమే ఎక్కువ. పీ63 (కణాల రకం తెలుసుకోవడానికి చూసే ప్రోటీన్) పాజిటివ్ వచ్చింది కదా అని క్యాన్సర్ అనేయకూడదు, మామూలు స్క్వామస్ కణాల్లోనూ అది వస్తుంది. కణాలు పక్క కణజాలంలోకి చొచ్చుకుపోయాయా అన్నదే తేల్చాలి. ఎఫ్‌ఎన్‌ఏసీ చూపలేనిది అదే.

కోర్‌కూ హద్దులున్నాయి. రక్తం అందక చచ్చుబడిన ఫైబ్రోఅడినోమాలో (క్యాన్సర్ కాని రొమ్ము గడ్డలో), ఫిల్లోడిస్‌లో (రొమ్ములో వచ్చే మరో రకం గడ్డలో) కూడా స్క్వామస్ మార్పు వస్తుంది. చిన్న ముక్కలో అసలు గడ్డ స్వరూపం తెలియకపోవచ్చు, అప్పుడు పూర్తిగా తీసి చూడాల్సిందే. చర్మానికి అంటుకుని, నడుమ చిన్న రంధ్రంతో ఉన్న మామూలు ఎపిడెర్మల్ తిత్తిలోకి (చర్మం పైపొర కణాలతో ఏర్పడి, కెరాటిన్ నిండిన తిత్తిలోకి) మాత్రం లావు సూది దించకండి. తిత్తి పగిలి కెరాటిన్ బయటికి చిమ్మితే వాపు మొదలవుతుంది.

ఏ సూది వాడినా ఫారంలో గడ్డ చనుమొన నుంచి ఎన్ని సెంటీమీటర్ల దూరంలో ఉందో, చర్మానికి అంటుకుందో లేదో, ఇదివరకు అక్కడ సూదిగాని కోతగాని పడిందా, ఇంకెక్కడైనా స్క్వామస్ క్యాన్సర్‌కు చికిత్స జరిగిందా అన్నవి తప్పక రాయండి.