క్లియరెన్స్ ఫారంలో మనసు సంగతి: చెప్పడమా, దాచడమా, వైద్యమే మానేయడమా?

"మావయ్యా, క్లియరెన్స్ వచ్చేదాకా థెరపీ మానేస్తాను. మాత్రలు కూడా. రికార్డుకెక్కితే ఉద్యోగం పోతుంది." మా మేనల్లుడు ఫోన్లో ఈ మాట అన్నప్పుడు నా గుండె జారిపోయింది. వాడు పుట్టి పెరిగింది అమెరికాలోనే. రక్షణ శాఖ కాంట్రాక్టులో ఉద్యోగం చేతికందింది. దానికి ప్రభుత్వ రహస్యాలు చూడటానికిచ్చే భద్రతా అనుమతి, అదే క్లియరెన్స్, రావాలి. రెండేళ్లుగా డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాడు, వాటితోనే తేరుకున్నాడు.

ఆ వారాంతం ఇద్దరం కూర్చుని, క్లియరెన్స్ కోసం నింపాల్సిన ఎస్‌ఎఫ్-86 ఫారంలో 21వ సెక్షన్ తెరిచాం. పాత ఫారం గత ఏడేళ్లలో మానసిక సమస్యకి ఎవరి దగ్గరైనా వైద్యం చేయించుకున్నారా అని అడిగేది. భయమంతా అక్కడి నుంచే వచ్చింది. 2016 నవంబరులో ఆ ప్రశ్నను మార్చారు. ఇప్పుడు అడిగేవి వేరు: కోర్టు మిమ్మల్ని మానసికంగా అసమర్థులని తేల్చిందా, చికిత్సకి వెళ్లమని ఆదేశించిందా, మానసిక సమస్యతో ఆసుపత్రిలో చేరారా, స్కిజోఫ్రేనియా, బైపోలార్ లాంటి పేరు పెట్టి చెప్పిన కొన్ని జబ్బులున్నాయా. చివరిది, మీ వివేచనను, నమ్మదగినతనాన్ని గట్టిగా దెబ్బతీసే సమస్య ఏదైనా ఉందా. అలా దెబ్బతీయనప్పుడు, చికిత్స అవసరమైన సమస్య ఉన్నా సరే "లేదు" అనే రాయమని ఫారంలోనే ఉంది. ఆ వాక్యాన్ని వాడు రెండుసార్లు చదివాడు. తన విషయంలో "లేదు" అని రాయడం దాచడం కాదు, నిజం చెప్పడమేనని అప్పుడు తెలిసింది వాడికి.

ఇక ఏది మేలు? వైద్యం మానేయడం అన్నిటికన్నా చెడ్డదని నేను గట్టిగా చెబుతాను. క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అన్నది తేల్చడానికి 2017 జూన్ నుంచి అమల్లో ఉన్న 13 మార్గదర్శకాల్లో మానసిక స్థితి గురించినదాన్ని చూడండి. వివేచనను దెబ్బతీయగల జబ్బుకి డాక్టరు రాసిన మందు వేసుకోకపోవడం అక్కడ ఆందోళన కలిగించే అంశాల్లో ఒకటి. తనంతట తాను చికిత్సకి వెళ్లడం, క్రమం తప్పకుండా దాన్ని పాటించడం అనుకూలించే అంశాలు. కౌన్సెలింగ్‌కి వెళ్లాడన్న ఒక్క కారణంతో ఎవరినీ తక్కువగా చూడకూడదనీ అందులో ఉంది. మందులు మానేసినవాడు అటు ఆరోగ్యాన్నీ పోగొట్టుకుంటాడు, ఇటు తనకు పనికొచ్చే సాక్ష్యాన్నీ పోగొట్టుకుంటాడు.

"అవును" అని రాయాల్సినవాళ్ల సంగతి వేరు, అది కష్టం కాదని నేననను. వివరాలు రాయాలి, డాక్టరుని అడగడానికి అనుమతి పత్రం మీద సంతకం పెట్టాలి. అయితే ఆ పత్రంలో డాక్టరుని అడిగేది కొంచెమే: రహస్యాలు కాపాడే శక్తిని దెబ్బతీసే సమస్య ఉందా, ఉంటే ఎంత తీవ్రం, ముందు ముందు ఎలా ఉండొచ్చు, చికిత్స ఎప్పుడు జరిగింది.

దాచినవాడి పరిస్థితి ఇంతకన్నా ఘోరం. తెలిసి అబద్ధం రాస్తే ఐదేళ్ల దాకా జైలుశిక్ష పడే ఫెడరల్ నేరం. అసలు జబ్బు క్లియరెన్స్‌కి అడ్డం కాకపోయినా, ఆ 13లోనే ఉన్న వ్యక్తిగత ప్రవర్తన మార్గదర్శకం కింద ఆ అబద్ధమే అడ్డం కావచ్చు. ఇప్పటికే దాచినవాళ్లు ఎవరూ నిలదీయకముందే వెళ్లి సరిదిద్దుకుంటే దాన్ని అనుకూలంగా లెక్కిస్తారు.

రక్షణ శాఖలో క్లియరెన్సులు చూసే డీసీఎస్‌ఏ చెప్పిన లెక్క ఒకటి మేనల్లుడికి చూపించాను. 2012 నుంచి 2020 దాకా సుమారు 54 లక్షల నిర్ణయాల్లో మానసిక అంశాలున్న కేసులు 97 వేలు. వాటిలో కేవలం ఆ కారణంతోనే నిరాకరించినవీ రద్దు చేసినవీ 62.

వాడు ఆ అంకె కేసి కాసేపు చూసి, ఫోన్ తీసి, రద్దు చేసుకున్న థెరపీ అపాయింట్‌మెంట్‌ని మళ్లీ బుక్ చేసుకున్నాడు. ఫారం ఆ తర్వాత నింపాడు.