కమ్యూనిటీ కాలేజీలో మెషినిస్ట్ కోర్సు: ఆరేళ్లు పని చేశాక నా అభిప్రాయం

మిషిగన్‌లో మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న కమ్యూనిటీ కాలేజీలో 2017లో మెషినింగ్ సర్టిఫికెట్ కోర్సులో చేరాను. వారానికి రెండు సాయంత్రాలు క్లాసులు. 2019లో పూర్తిచేసి, అప్పటి నుంచి ఒక చిన్న షాపులో (వర్క్‌షాపులో) సీఎన్‌సీ మెషినిస్టుగా, అంటే కంప్యూటర్‌తో నడిచే మెషిన్ల మీద లోహాన్ని కోసి విడిభాగాలు చేసే పనిలో ఉన్నాను. అప్పట్లో "సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేయకుండా ఈ ఇనుము పనేంటి?" అన్నవాళ్లే ఇప్పుడు "మా మరదలు చేరొచ్చా?" అని అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

మా నాన్నకు విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షాపు ఉండేది. చిన్నప్పుడు క్యారేజీ తీసుకెళ్లి గుమ్మం దగ్గరే ఇచ్చి వచ్చేదాన్ని. లోపలికి రానిచ్చేవారు కాదు. కాలేజీ షాపులో అడుగు పెట్టగానే అదే కటింగ్ ఆయిల్ వాసన తగిలింది. చేరాలని అప్పుడే నిర్ణయించుకున్నాను.

మొదటి రోజు మెషిన్ ముట్టుకోనివ్వలేదు. అంతా సేఫ్టీ పాఠమే. తిరిగే మెషిన్ దగ్గర గ్లోవ్స్ వేసుకోకూడదని నాకు అప్పటిదాకా తెలియదు. గ్లోవ్ చిక్కుకుంటే చేతినీ లాగేస్తుంది. లేత్‌లో ముక్కను పట్టుకునే భాగం చక్, దాన్ని బిగించే తాళంచెవి చక్ కీ. ఆ కీ చక్‌లో ఉన్నంతసేపు చెయ్యి దాని మీది నుంచి తీయకూడదు. జడ ముడేసుకోవాలి. ఉంగరాలు, గాజులు, మెడలో గొలుసులు ఏవీ ఉండకూడదు. మంగళసూత్రం తీయడానికి మనసొప్పక ఆ రాత్రి అత్తయ్యకు ఫోన్ చేశాను. "పనికెళ్లేటప్పుడు తీసి దేవుడి దగ్గర పెట్టు తల్లీ, రాగానే వేసుకో" అన్నారు. ఈ రోజుకీ అలాగే చేస్తున్నాను.

మొదటి సెమిస్టరంతా మాన్యువల్ లేత్, మిల్లింగ్ మెషిన్లే. అంతా కంప్యూటర్ మీద నడుస్తుంటే ఈ పాత మెషిన్లు ఎందుకని అప్పుడు విసుక్కున్నాను. కానీ ఆరేళ్లుగా నాకు అన్నం పెడుతున్నది ఆ సెమిస్టరే. ఉదాహరణకు వైస్ ట్రామ్ చేయడం, అంటే మిల్లింగ్ మెషిన్ మీద ముక్కను పట్టుకునే వైస్‌ను వంకర లేకుండా నిలపడం. డయల్ ఇండికేటర్‌ను (సూక్ష్మమైన తేడాను ముల్లుతో చూపే పరికరం) మెషిన్‌లో టూల్‌ను తిప్పే స్పిండిల్‌కు బిగించి, వైస్‌లో కదలని దవడకు దాని మొన ఆనించి, టేబుల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు నడపాలి. ముల్లు ఎంత కదిలితే వైస్ అంత వంకరగా ఉన్నట్టు. ఒక బోల్టు బిగించి, రెండోది కాస్త వదులుగా ఉంచి, మెత్తటి సుత్తితో చిన్నగా తడుతూ సరిచేయాలి. మొదటిసారి నాకు నలభై నిమిషాలు పట్టింది. బోల్టు బిగించిన ప్రతిసారీ ముల్లు మళ్లీ జరిగిపోయేది. ఏడుపొచ్చినంత పనైంది. ఇన్‌స్ట్రక్టర్ కార్ల ఫ్యాక్టరీల్లో టూల్‌మేకర్‌గా చేసి రిటైరైన పెద్దాయన. పక్కనే నిలబడ్డారు కానీ చెయ్యి మాత్రం పెట్టలేదు. ఇప్పుడు మూడు నిమిషాల్లో చేస్తాను.

మనకు ఇంకో చిక్కు, కొలతలు. మిల్లీమీటర్లలో చదువుకున్నవాళ్లం. ఇక్కడ అంగుళంలో వెయ్యో వంతు 'థౌ', అంటే 25.4 మైక్రాన్లు. 'టెంత్' అంటే పదో వంతు అనుకుని ఒకసారి ముక్క పాడుచేశాను. షాపు భాషలో అది అంగుళంలో పదివేలో వంతు. 'టెన్' అంటే పది థౌలు. నెల రోజులు ఒక చీటీ రాసి టూల్‌బాక్స్ మూతకు అంటించుకున్నాను.

ఆ సెమిస్టర్ చివర ఇత్తడి తల, ఉక్కు పిడి ఉన్న సుత్తి చేయించారు. పిడి మీద నర్లింగ్ (పట్టు కోసం వేసే గరుకు గీతలు) నేనే వేశాను. వైస్ సరిచేయడానికి ఇప్పటికీ దాన్నే వాడుతున్నాను. పోయినేడాది నాన్న వచ్చినప్పుడు దాన్ని చేతిలోకి తీసుకుని, గరుకు మీద గోరు నడిపి, "వరస ఎక్కడా తప్పలేదమ్మా" అన్నారు.

సీఎన్‌సీ భాగం మాత్రం నిరాశపరిచింది. పద్నాలుగు మందికి మూడు మెషిన్లు, అందులో ఒకటి సెమిస్టరంతా రిపేరులోనే ఉంది. మెషిన్‌కు ఆదేశాలిచ్చే జీ-కోడ్, ఆ కోడ్ తయారుచేసే మాస్టర్‌కామ్ సాఫ్ట్‌వేర్ తెర మీద బాగానే నేర్పారు. కానీ లోహం కోసింది తక్కువ. పలచటి ముక్క వంగకుండా ఎలా పట్టించాలో, సెటప్ త్వరగా ఎలా చేయాలో షాపులోనే నేర్చుకోవాల్సి వచ్చింది. మొదటి ఆరు నెలలు విపరీతమైన టెన్షన్. ఒక మంచి అలవాటు మాత్రం కాలేజీదే: కొత్త ప్రోగ్రాం నడిపేటప్పుడు ర్యాపిడ్ (కోయకుండా టూల్ కదిలే) వేగం ఐదు శాతానికి తగ్గించి, కదలికను ఆపే ఫీడ్ హోల్డ్ బటన్ మీద వేలు ఉంచడం. ఉద్యోగంలో చేరిన రెండో నెలలో జీ43 పక్కన హెచ్ నంబర్ (టూల్ పొడవు ఎంతో మెషిన్‌కు చెప్పేది) తప్పు కొట్టాను. టూల్ నేరుగా వైస్ మీదకు దిగుతుంటే అర అంగుళం పైన ఆపగలిగాను.

ఖర్చు ఫీజులు, మైక్రోమీటర్, ఎడ్జ్ ఫైండర్ లాంటి పనిముట్లతో కలిపి దాదాపు 5,000 డాలర్లు అయింది. హెచ్4 (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యుల వీసా) మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ ఆర్థిక సాయం రాదు. గ్రీన్‌కార్డు వచ్చినా, డిగ్రీ ఉంటే చదువుకు ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ మామూలుగా ఇవ్వరు. 2021లో మొదలైన మిషిగన్ రీకనెక్ట్ అనే రాష్ట్ర ఫీజు సాయం కూడా డిగ్రీ లేనివాళ్లకే. నేను గంటకు 17 డాలర్లతో మొదలై ఇప్పుడు 29కి వచ్చాను. సాఫ్ట్‌వేర్ జీతాలతో పోల్చుకునేవాళ్లు చేరకపోవడం మంచిది.

ఎవరూ ముందు చెప్పని సంగతి ఒకటుంది. నేను హెచ్4 ఈఏడీ (హెచ్4 వాళ్లకు ఇచ్చే పని అనుమతి) మీద ఉద్యోగం వెతికాను. రక్షణ రంగానికి విడిభాగాలు చేసే షాపులకు ఐటార్ (అమెరికా ఆయుధ ఎగుమతుల) నిబంధనలు ఉంటాయి. వాటి డ్రాయింగులు చూడాలంటే మామూలుగా పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉండాలి. టెస్టు ముక్క బాగా చేశావని మెచ్చుకున్న రెండు షాపులు ఆ కారణంతోనే తీసుకోలేదు. చాలా బాధేసింది. దరఖాస్తు పెట్టే ముందే ఈ మాట అడగండి, ఒక సాయంత్రం కలిసొస్తుంది.

మెషినిస్టుల నైపుణ్యానికి ఇచ్చే నిమ్స్ సర్టిఫికెట్ గురించి చాలామంది అడుగుతారు. ఇంటర్వ్యూల్లో ఒక్కరే దాని గురించి అడిగారు. అయినా చేయండి. రాతపరీక్షతో పాటు ముక్క తయారుచేసి కొలతలకు నిలబెట్టాలి కాబట్టి చెయ్యి కుదురుతుంది.

ఎనిమిది గంటలు నిలబడగలిగి, కొలత కుదిరేదాకా ఓపిక పట్టగలిగితే ఆడవాళ్లయినా, నలభై దాటినా చేరండి. నేను ముప్ఫై ఎనిమిదో ఏట చేరాను. ఫీజు కట్టే ముందు ఒక సాయంత్రం వెళ్లి, క్లాసు జరుగుతుండగా షాపు చూపించమనండి. ఎన్ని మెషిన్లు నడుస్తున్నాయో, క్లాసులు లేనప్పుడు ల్యాబ్ ఎన్ని గంటలు తెరిచి ఉంటుందో కనుక్కోండి. మెషిన్ల కింద తాజా రజను కనిపిస్తే చేరొచ్చు.