బెజవాడలో ఒకటిన్నర రోజు, ఒక హెచ్‌ఎంటీ జనతా

సర్వీసింగ్‌కి ఇచ్చిన నాన్న హెచ్‌ఎంటీ జనతా వాచీ తెచ్చుకుందామని హైదరాబాద్ నుంచి బెజవాడ వెళ్లాను. వాచీ రాలేదు గానీ, వెళ్లేవాళ్లకి పనికొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి.

స్టేషన్‌లోనే రిటైరింగ్ రూమ్ తీసుకున్నాను. కన్ఫర్మ్ టికెట్ ఉంటే పీఎన్‌ఆర్‌తో ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు. ఒక్క రాత్రికి లాడ్జి కంటే ఇదే నయం, కాకపోతే అనౌన్స్‌మెంట్లు నిద్రపోనివ్వవు. పొద్దున గాంధీనగర్‌ బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ. జనం ఉంటారు, నిలబడండి, నష్టం లేదు.

షాపు గవర్నర్‌పేటలో, బీసెంట్ రోడ్డుకి దగ్గర సందులో. పేరు రాయను. మూడు నెలల కిందట ఓ పెళ్లికొచ్చి ఇచ్చాను, వారం అన్నాడు. ఇప్పుడు చీటీ చూపిస్తే డ్రాయర్లన్నీ లాగి, ఓ జనతా తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"ఇదేనండీ మీది."

"వెనక మూత తియ్యండి" అన్నాను.

పాత మెకానిక్కులు సర్వీస్ చేసినప్పుడు మూత లోపలివైపు సూదిమొనతో తారీఖో గుర్తో గీకేవాళ్లు. నాన్న వాచీలో తెనాలి మెకానిక్ గీకిన '12-4-82' ఉండేది. చిన్నప్పుడు నాన్నే భూతద్దం నా కంటికి ఆనించి చూపించాడు. దీని మూత లోపల ఒక్క గీతా లేదు. డయల్ కూడా మళ్లీ పెయింట్ వేసిందే, అక్షరాలు ఓ పక్కకి ఒరిగాయి. 2016లో హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూతపడింది కదా, ఇప్పుడు పాత వాచీల పార్టులే ఒకదాంట్లోంచి తీసి ఇంకోదాంట్లో వేస్తున్నారు.

"అదీ జనతాయే, ఇదీ జనతాయే కదండీ. దీనికీ లోపల పదిహేడు జ్యుయెల్ రాళ్లే."

ఆ మాటకి కోపం కూడా రాలేదు. నాన్న రోజూ పొద్దున ఆకాశవాణి విజయవాడ ప్రాంతీయ వార్తలు వచ్చేలోపు కీ ఇచ్చేవాడు, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఇవన్నీ కౌంటర్ దగ్గర ఏం చెప్తాం? నా చీటీలో ఉన్నది 'హెచ్‌ఎంటీ–1, ఆయిలింగ్', అంతే. వెనక నంబరు రాయించుకోలేదు, ఫోటో తీసుకోలేదు. వర్కర్ మానేశాడట, అతని దగ్గరేమైనా ఉందేమో కనుక్కుంటానన్నాడు. డబ్బులిస్తానన్నాడు. వద్దన్నాను. వాచీ అందలేదని ఆ చీటీ వెనకే రాయించి సంతకం పెట్టించుకున్నాను.

సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"దొరికిందిరా?"

"వర్కర్ దగ్గర ఉందటమ్మా" అన్నాను.