పాత ఇంటికి మరమ్మతా, కొత్త చాప్టర్ హౌసా: ఏది మేలు?

మా వాడు చదివేది అమెరికా మిడ్‌వెస్ట్‌లోని ఒక యూనివర్సిటీలో. రెండో ఏడాది ఫ్రటర్నిటీలో, అంటే గ్రీకు అక్షరాల పేర్లతో నడిచే కాలేజీ కుర్రాళ్ల సంఘంలో చేరాడు. తండ్రుల్ని క్యాంపస్‌కి పిలిచే డాడ్స్ వీకెండ్‌కి వెళ్లినప్పుడు వాళ్ల చాప్టర్ హౌస్, అంటే ఆ సంఘం స్థానిక శాఖ (చాప్టర్) కుర్రాళ్లు కలిసుండే ఇల్లు, మొదటిసారి చూశాను. ముందు తెల్లటి స్తంభాలు, పచ్చటి లాన్, అచ్చం జమీందారు బంగళా. పై అంతస్తుకి వెళ్లాక అసలు సంగతి తెలిసింది. కుర్రాళ్లందరికీ కలిపి ఒకటే హాలు, మంచం మీద మంచం. దీన్ని స్లీపింగ్ పోర్చ్ అంటారట. మంచు పడే రోజుల్లో కూడా కిటికీలు మూయరు, ఎలక్ట్రిక్ దుప్పటి కప్పుకుని పడుకుంటారు. గదులున్నది చదువుకి, బట్టలకి మాత్రమే. హాల్లోంచి కిందికి దిగడానికి చెక్క మెట్లు ఒకటే దారి. రెండో దారి ఏదిరా అంటే కిటికీ బయట తుప్పుపట్టిన ఇనుప నిచ్చెన చూపించాడు.

ఇల్లు కుర్రాళ్లది కాదు. హౌస్ కార్పొరేషన్ అని పూర్వ విద్యార్థుల సంఘం ఒకటి ఉంటుంది, ఇల్లు దాని పేర ఉంటుంది. కుర్రాళ్లు అద్దె కడతారు. ఆ సాయంత్రం కిందహాల్లో ఆ సంఘంలోని పూర్వ విద్యార్థులు ఇంటి గురించి మాట్లాడుకుంటుంటే నేనూ కూర్చున్నాను. పాతదాన్నే బాగుచేద్దామని సగం మంది, పడగొట్టి కొత్తది కడదామని సగం మంది.

బాగుచేద్దామనేవాళ్ల ప్రేమ అర్థమవుతుంది. గోడల నిండా ఏటేటా తీసిన గ్రూప్ ఫోటోలు, అందులో వాళ్ల ఇరవయ్యేళ్ల మొహాలు. కానీ నేను ముప్ఫయ్యేళ్లుగా సివిల్ పనుల్లో ఉన్నవాణ్ణి. దాదాపు వందేళ్ల నాటి చెక్క ఇంట్లో గోడ విప్పామంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. పింగాణీ బుడిపెల మీద లాగిన పాత వైరింగ్ ఉంటుంది, దాన్ని చూస్తే ఇన్సూరెన్స్ వాళ్లు మొహం చిట్లిస్తారు. పైపుల చుట్టూ ఆస్బెస్టాస్, పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు. అక్కడ ఇళ్లలో సీసం రంగులు నిషేధించింది 1978లో, అంటే అంతకు ముందు వేసిన పూతలన్నీ అనుమానమే. పని పెద్దదైతే నేటి బిల్డింగ్ కోడ్ ప్రకారం చెయ్యమంటారు. రెండో మెట్లదారికి చోటు తీస్తే పడకలు తగ్గుతాయి, పడకలు తగ్గితే అద్దె తగ్గుతుంది.

కొత్తదానికి అడ్డం డబ్బే. ఫ్రటర్నిటీ సోషల్ క్లబ్ కిందికి వస్తుంది కాబట్టి దానికిచ్చే విరాళానికి పన్ను మినహాయింపు రాదు. ఎడ్యుకేషనల్ ఫౌండేషన్ ద్వారా ఇస్తే వస్తుంది గానీ, ఆ సొమ్ము చదువు గదుల్లాంటి వాటికే వాడాలి. మిగతాది అప్పు, ఆ అప్పు తీర్చేది పడకల అద్దె. అసలు భయం ఇక్కడే ఉంది. ర్యాగింగ్ కేసులో చాప్టర్‌ని యూనివర్సిటీ సస్పెండ్ చేసిందనుకోండి, ఇల్లు ఖాళీ, వాయిదాలు మాత్రం ఆగవు. అమెరికాలోనే విలియమ్స్ కాలేజీ 1962లో, బౌడిన్ కాలేజీ 1997లో ఫ్రటర్నిటీలనే వద్దనుకున్నాయి. కాబట్టి కట్టేది అవసరమైతే మామూలు స్టూడెంట్ హౌసింగ్‌గా అద్దెకిచ్చేలా కట్టుకోవాలి. స్తంభాల మోజు కాస్త తగ్గించుకుంటే పోయేదేం లేదు.

అసలు ఇల్లే ఎందుకు అనే మాట కూడా ఉంది. 1996లో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మొదలైన సిగ్మా బీటా రో, 1998లో ఆస్టిన్‌లో పుట్టిన డెల్టా ఎప్సిలాన్ సై లాంటి దక్షిణాసియా మూలాలున్న ఫ్రటర్నిటీల్లో చాలా చాప్టర్లకు సొంత ఇల్లు లేదు. నలుగురైదుగురు కలిసి అపార్ట్‌మెంట్ తీసుకుంటారు. స్నేహాలకేమీ లోటు లేదు. కానీ అరవై మంది కలిసి తినే బల్ల మాత్రం అద్దె ఫ్లాట్‌లో దొరకదు.

నా ఓటు కొత్త ఇంటికే. అయితే విరాళాలు పోగై, ఇల్లు లేచేసరికి నాలుగైదేళ్లు పడుతుంది. అందాకా? పడగొట్టే ఇంటికి స్ప్రింక్లర్లు, అంటే మంటలు రేగితే పైకప్పు నుంచి నీళ్లు చిమ్మే ఏర్పాటు, దండగ అన్నారొకరు. నాకు చాపెల్ హిల్ గుర్తొచ్చింది. 1996 మే 12, నార్త్ కరోలినా యూనివర్సిటీలో స్నాతకోత్సవం రోజు, మదర్స్ డే కూడా. ఫై గామా డెల్టా అనే ఫ్రటర్నిటీ హౌస్ తగలబడి అయిదుగురు విద్యార్థులు పోయారు. ఆ ఇంట్లో స్ప్రింక్లర్లు లేవు. ఆ తర్వాతే అక్కడి ఫ్రటర్నిటీ, సొరోరిటీ (అమ్మాయిల సంఘం) ఇళ్లన్నిటికీ అవి తప్పనిసరి చేశారు. అందుకే అడగకపోయినా చెప్పాను: దండగైనా ఇప్పుడే పెట్టించండి, లేదంటే వచ్చే ఫాల్ సెమిస్టర్ నుంచి పిల్లల్ని అద్దె ఫ్లాట్లకి మార్చండి. కొందరు తలూపారు, కొందరు కాఫీ కప్పుల్లోకి చూశారు.

బయల్దేరే ముందు మా వాడి మంచం దగ్గర్నుంచి మెట్ల దాకా అడుగులు లెక్కపెట్టాను. ముప్ఫై ఒకటి. "నాన్నా, అందరూ చూస్తున్నారు" అన్నాడు వాడు మెల్లగా.