అఫ్ఘాన్ దుబాసీల ప్రత్యేక వీసా: హామీ ఘనం, అమలు అధ్వానం

అఫ్ఘానిస్తాన్‌లో అమెరికా సైన్యానికి పనిచేసిన దుబాసీలు, డ్రైవర్లు, ఇంజినీర్ల కోసం 2009లో చట్టం చేసి తెచ్చిన ప్రత్యేక వలస వీసా, కాగితం మీద చూస్తే చాలా ఉదారమైన సేవ. దరఖాస్తుకు రుసుము లేదు, భార్యాపిల్లలకూ వర్తిస్తుంది, అమెరికాలో అడుగుపెట్టగానే శాశ్వత నివాస హోదా దక్కుతుంది. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్లు వెళ్లదీస్తున్న మన తెలుగువారికి ఇది కాస్త కంటగింపుగా తోచవచ్చు గానీ, మన కోసం తుపాకులతో ఎవరూ గాలించడం లేదు.

అమలు దగ్గరే అసలు చిక్కంతా ఉంది. ప్రభుత్వం తన వంతు పరిశీలనను 9 నెలల్లో ముగించాలని చట్టమే చెబుతున్నా, వాస్తవంలో ఏళ్లు గడుస్తున్నాయి. రాయబార కార్యాలయాధిపతి ఆమోదానికి కొలువిచ్చిన సంస్థ ధ్రువపత్రమూ, పైఅధికారి సిఫారసు లేఖా ఉండాలి. మనుషులను సరఫరా చేసిన కాంట్రాక్టు కంపెనీ ఎప్పుడో మూతపడితే ఆ ధ్రువపత్రం ఎవరిస్తారు? సిఫారసు చేయవలసిన అమెరికన్ అధికారికి తన దుబాసీ ఏ "మైక్" అనో మారుపేరుతోనే గుర్తుంటాడు, దరఖాస్తులో మాత్రం తజ్కిరా (అఫ్ఘాన్ గుర్తింపు పత్రం)లోని అసలు పేరే ఉండాలి. పైగా 2021 ఆగస్టులో కాబూల్ తాలిబన్ల వశమైనప్పుడు, సోదాల్లో దొరికితే ప్రాణాలు పోతాయని చాలామంది ఈ పత్రాలనే తగలబెట్టుకున్నారు. అక్కడి రాయబార కార్యాలయం మూతపడడంతో, ఇంటర్వ్యూ కోసం ఇస్లామాబాద్‌కో దోహాకో చేరుకోవడం మరో గండం.

చట్టసభ తలచుకుంటే మెరుగుదల సాధ్యమేనని 2021 జులై సవరణ రుజువు చేసింది: వీసాలు 8,000 పెరిగాయి, రెండేళ్ల సేవ నిబంధన ఏడాదికి తగ్గింది. ఆ నెలలోనే ప్రతినిధుల సభలో ఇటువంటి బిల్లుకు 407 ఓట్లు పడగా, వ్యతిరేకించినవారు 16 మందే. 2024 మార్చిలో మరో 12,000 వీసాలు చేరాయి. మరోవైపు, తాత్కాలిక అనుమతితో అమెరికా వచ్చిన అఫ్ఘాన్లకు స్థిర నివాసం కల్పించే అఫ్ఘాన్ సర్దుబాటు బిల్లు మాత్రం 2022లో ప్రవేశపెట్టినా ఆ సభాకాలంలో గట్టెక్కలేదు.

నా లెక్కలో హామీకి 5కు 4, అమలుకు 1. వీసాల విస్తరణకు నేను పూర్తిగా మద్దతిస్తాను. అయితే సంఖ్య పెంచడంతో సరిపెట్టక, 2025 డిసెంబరు 31తో ముగిసేలా పెట్టిన దరఖాస్తు గడువును ఎత్తివేయాలి, లేఖలు తేలేనివారికి సైన్యం వద్దనున్న కాంట్రాక్టు రికార్డులనే సాక్ష్యంగా అంగీకరించాలి.