బడ్జెట్ విమానం టికెట్ కొంటున్నారా? సీటు, బ్యాగు, క్యాన్సిలేషన్ డబ్బుల దగ్గర జాగ్రత్త

సెలవులకి బడ్జెట్ విమానం టికెట్లు కొంటున్నవాళ్ళందరూ ఒక్కసారి ఇది చదవండి. యాప్‌లో మొదట కనిపించే రేటు అసలు రేటు కాదు. పేమెంట్ అయిపోయాక కూడా వెబ్ చెకిన్‌లో (ఆన్‌లైన్‌లో సీటు, బోర్డింగ్ పాస్ తీసుకునేటప్పుడు) ఒకసారి, ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర ఇంకోసారి డబ్బు అడుగుతారు. వాటిలో కొన్ని అడిగే హక్కు వాళ్ళకి ఉంది, కొన్నిటికి లేదు. ఏది ఏదో తెలియకపోతే, వెనక లైను పెరుగుతుంటే, విమానం వెళ్ళిపోతుందేమో అన్న టెన్షన్‌లో అడిగినదంతా కట్టేస్తాం.

మా అమ్మ, మా ఆవిడ, ఎనిమిదేళ్ళ పాప, నేను హైదరాబాద్ నుంచి ఢిల్లీలో ఉన్న మా అక్క దగ్గరికి వెళ్ళాం. నలుగురికీ ఒకే పీఎన్‌ఆర్, అంటే ఒకే బుకింగ్ నంబర్. ఎయిర్‌లైన్ పేరు, యాప్ పేరు రాయడం లేదు. మా ఫిర్యాదు ఇంకా నడుస్తోంది, పైగా ఇలా చేసేది ఒక్క సంస్థే కాదు.

ముందు సీట్ల సంగతి. వెబ్ చెకిన్ చేద్దామని లింక్ తెరిస్తే విమానం బొమ్మ వస్తుంది. కనిపించే ప్రతి సీటుకీ ఒక ధర. ఉచితంగా ఇచ్చే సీటు ఒక్కటీ కనపడదు. సీటు కొనకుండా ముందుకు వెళ్ళే దారి కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతికితేనే దొరుకుతుంది. చాలామంది, ముఖ్యంగా మొదటిసారి విమానం ఎక్కే పెద్దవాళ్ళు, సీటు కొనకపోతే ప్రయాణమే ఉండదేమోనని భయపడి కట్టేస్తున్నారు. అలా ఏమీ ఉండదు. టికెట్ ఉన్న ప్రతి ఒక్కరికీ సీటు ఉంటుంది. నచ్చిన సీటు ఎంచుకోవడానికే ఆ డబ్బు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం సీటు ఎంపిక, భోజనం, లాంజ్ లాంటివి మనం కావాలని అడిగితేనే కలపాలి. వాళ్ళే కలిపేసి, వద్దనుకుంటే మీరే తీసేసుకోండి అనడానికి వీల్లేదు.

మేం డబ్బు కట్టకుండా ముందుకు వెళ్ళాం. నలుగురికీ నాలుగు చోట్ల సీట్లు వచ్చాయి. పాప ఒక మూల, వాళ్ళమ్మ ఇంకో మూల. కౌంటర్‌లో అడిగితే, "కలిసి కూర్చోవాలంటే సీట్లు కొనుక్కోవాలి సర్" అన్నారు. ఇది తప్పు. 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ స్పష్టంగా చెప్పింది: 12 ఏళ్ళ లోపు పిల్లలకి, అదే పీఎన్‌ఆర్‌లో ప్రయాణిస్తున్న తల్లిదండ్రుల్లో గానీ సంరక్షకుల్లో గానీ కనీసం ఒకరి పక్కన సీటు ఇవ్వాలి, దానికి రికార్డు కూడా ఉంచాలి. ఆ సర్క్యులర్ ఫోన్‌లో చూపించి, "కుదరదని రాసివ్వండి" అని అడిగాను. సూపర్‌వైజర్ వచ్చారు. రెండు నిమిషాల్లో పాపకి వాళ్ళమ్మ పక్కన సీటు దొరికింది, రూపాయి కట్టకుండా. మా ముందు లైన్లో చంటిపిల్లతో ఉన్న ఒక కుటుంబం మాత్రం అప్పటికే డబ్బు కట్టేసి వెళ్ళిపోయింది. నాకు ఇప్పటికీ కోపం తెప్పించేది అదే. నియమం ఉందని ఆ కౌంటర్‌లో ఉన్నవాళ్ళకి తెలుసు, అయినా అడిగినవాళ్ళకే ఇస్తున్నారు.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఈ నియమం పిల్లలకి, పక్కన ఒక పెద్దకి మాత్రమే. కుటుంబం అంతా ఒకే వరసలో కావాలంటే వాళ్ళు డబ్బు అడగొచ్చు. మా అమ్మ వేరేచోటే కూర్చుంది. అలాగే పిల్లల టికెట్‌ని వేరే పీఎన్‌ఆర్‌లో తీయకండి, ఈ రక్షణ పోతుంది.

వెబ్ చెకిన్ తప్పనిసరి అని మెసేజ్‌ల మీద మెసేజ్‌లు పంపి కంగారు పెడతారు. ఫోన్ వాడటం రాని పెద్దవాళ్ళు దీనికి భయపడక్కర్లేదు. ఒకప్పుడు కొన్ని సంస్థలు కౌంటర్‌లో బోర్డింగ్ పాస్ ఇవ్వడానికి 200 రూపాయలు తీసుకునేవి. 2022 జులైలో పౌర విమానయాన శాఖ అది కుదరదని చెప్పేసింది. ఎవరైనా అడిగితే కట్టకండి. అయితే ఇది మన దేశంలో మాట. యూరప్‌లో చదువుకుంటున్న మన పిల్లలు అక్కడి బడ్జెట్ విమానాలు ఎక్కేటప్పుడు మాత్రం ఇంట్లోనే చెకిన్ చేసుకోవాలి, కొన్ని సంస్థలు కౌంటర్ చెకిన్‌కి చాలా పెద్ద మొత్తం తీసుకుంటాయి.

ఇక మాకు గట్టిగా దెబ్బ తగిలింది బ్యాగు దగ్గర. దేశంలో తిరిగే విమానాల్లో మామూలుగా 15 కిలోల చెకిన్ బ్యాగు (కౌంటర్‌లో ఇచ్చేసేది), 7 కిలోల క్యాబిన్ బ్యాగు (మనతో లోపలికి తీసుకెళ్ళేది) ఉచితం అని మనందరి లెక్క. కానీ చెకిన్ బ్యాగు అసలు లేని టికెట్లు అమ్మడానికి కూడా అనుమతి ఉంది. మేం టికెట్ కొన్న యాప్‌లో మొదటి పేజీలో 15 కిలోల గుర్తు కనిపించింది. అన్నిటికంటే తక్కువ రేటుకి మాత్రం అది వర్తించదట. ఆ మాట ఫేర్ రూల్స్ అని ఇంకో చోట నొక్కితే గానీ కనపడని పేజీలో ఉంది. అమ్మ బ్యాగులో అక్కకి పెట్టిన ఆవకాయ, నెయ్యి ఉన్నాయి. అవి చేతి సామానులో పెడితే సెక్యూరిటీ దగ్గర ఆపేయొచ్చు కాబట్టి చెకిన్‌లో వేయక తప్పదు. కౌంటర్‌లో కిలోల లెక్కన కట్టించుకున్నారు. ఆ మొత్తం అమ్మ టికెట్ ధరకి దగ్గర్లోకి వచ్చింది. అదే బ్యాగుకి ముందు రోజు ఆన్‌లైన్‌లో కడితే చాలా తక్కువ అయ్యేదని తర్వాత వాళ్ళ సైట్‌లో చూసి తెలిసింది.

అందుకే కొనేముందు ఆ ఫేర్‌కి చెకిన్ బ్యాగు ఎన్ని కిలోలు, ఎన్ని బ్యాగులు అన్నది రెండూ చూడండి. కొన్ని సంస్థల్లో 15 కిలోలు అంటే ఒకే బ్యాగు. ఏడు, ఎనిమిది కిలోల చొప్పున రెండు బ్యాగులు ఇస్తే రెండోదానికి డబ్బు అడుగుతారు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి గల్ఫ్ వెళ్ళే అన్నదమ్ములు ఏజెంట్ తీసిచ్చిన టికెట్‌లో బ్యాగేజీ లైన్ తప్పకుండా చదివించుకోండి. తిరిగొచ్చేటప్పుడు అక్కడి కౌంటర్‌లో దిర్హమ్‌లలో కట్టాల్సి వస్తే నెల మిగులు అంతా పోతుంది.

పేమెంట్ పేజీలో ముందే టిక్ పెట్టి ఉంచే ఇన్సూరెన్స్, విరాళం, "ఫ్లెక్సీ" ప్లాన్ లాంటివి తీసేయండి. మొదట తక్కువ రేటు చూపించి చివర్లో ఒక్కొక్కటీ కలపడం, అడగకుండా బుట్టలో వేయడం ఇవన్నీ 2023 నవంబర్ 30న కేంద్రం నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్ళని మాయచేసే ఆన్‌లైన్ ఎత్తులు) మార్గదర్శకాల్లో నిషేధించిన 13 పద్ధతుల్లో ఉన్నాయి. మాకు కలిపిన ఇన్సూరెన్స్ డబ్బు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాక వెనక్కి వచ్చింది. బ్యాగు డబ్బు రాలేదు.

టికెట్ క్యాన్సిల్ చేస్తే "నాన్ రిఫండబుల్, ఏమీ రాదు" అంటారు. నమ్మకండి. క్యాన్సిలేషన్ ఛార్జీ బేసిక్ ఫేర్, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తాన్ని దాటకూడదు. ప్రభుత్వ పన్నులు, ఎయిర్‌పోర్టు వాడకం ఫీజు (యూడీఎఫ్) లాంటివి ఆఫర్ టికెట్ అయినా, అసలు విమానమే ఎక్కకపోయినా తిరిగి ఇవ్వాలి. అడగకపోతే చాలాసార్లు ఆ డబ్బు అక్కడే ఉండిపోతుంది. ఏజెంట్ దగ్గర కొన్నా రిఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్‌దే. డబ్బు బదులు తర్వాతి టికెట్‌కి వాడుకునే క్రెడిట్‌గా ఉంచుకోమంటే, ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం.

కౌంటర్‌లో ఏ డబ్బు కట్టినా దేనికి కట్టామో విడిగా రాసిన రసీదు తీసుకోండి. మాకు మొదట కార్డ్ స్లిప్ ఒక్కటే ఇచ్చారు, అడిగితేనే బరువు, కిలో రేటు రాసిన రసీదు వచ్చింది. కొనేటప్పుడు ప్రతి పేజీ స్క్రీన్‌షాట్ ఉంచుకోండి, మా ఫిర్యాదుకి ఉన్న బలం ఆ మొదటి పేజీ స్క్రీన్‌షాటే. ముందు ఎయిర్‌లైన్‌లో ఫిర్యాదులు చూసే నోడల్ ఆఫీసర్‌కి మెయిల్ పెట్టండి, తర్వాత పౌర విమానయాన శాఖ ఫిర్యాదుల సైట్ ఎయిర్‌సేవా పోర్టల్‌లో వేయండి. 1915లో తెలుగులోనే మాట్లాడొచ్చు.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. మేం ఇప్పుడు ఆ కాగితాలే సిద్ధం చేస్తున్నాం. ఎయిర్‌లైన్ ఆఫీసు ఢిల్లీలో ఉన్నా ముంబైలో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కట్టిన డబ్బు 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు, లాయర్ తప్పనిసరి కాదు, ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి అనే ప్రభుత్వ పోర్టల్‌లో వేయొచ్చు. గడువు రెండేళ్ళు. కాబట్టి పోయినేడాది ఇలాంటి డబ్బు కట్టినవాళ్ళు కూడా రసీదు దొరికితే ఇప్పుడే వేయండి.