వూఫర్ మీది స్టిక్కర్‌ను నమ్మి పెట్టెకు రంధ్రం కోయించకండి

సొంతంగా స్పీకర్ పెట్టెలు చేయించుకోవాలనుకునేవారికి, ముఖ్యంగా నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు దగ్గరలో మంచి దుకాణం లేక ఫోనులో బొమ్మ చూసి డ్రైవర్లు (పెట్టెలో బిగించే వూఫర్, ట్వీటర్ యూనిట్లు) తెప్పించుకునేవారికి ఈ హెచ్చరిక. నేను 9,800 రూపాయలు పోగొట్టుకున్నాను. ప్లైవుడ్ ఖర్చు, వడ్రంగి కూలి అందులో కలపలేదు. నాలుగు నెలల శ్రమ కూడా దానితోపాటే పోయింది.

కింది స్వరాలు పలికే ఆరున్నర అంగుళాల వూఫర్లు రెండు, పై స్వరాలు పలికే ఒక అంగుళం సిల్క్ డోమ్ ట్వీటర్లు రెండు, స్వరాలను విడగొట్టి ఆ రెండింటికీ పంచే రెడీమేడ్ క్రాసోవర్ బోర్డులు, వాటికి సరిగ్గా సరిపోతాయంటూ, రెండు. అన్నీ కలిపి ఒక సెట్టుగా అమ్మారు. వూఫర్ అయస్కాంతం మీద పేరున్న ఒక విదేశీ కంపెనీ స్టిక్కర్, దాని కింద 8 ఓమ్‌లు, 120 వాట్లు అని అచ్చు. బోర్డు మీద 3000 హెర్ట్జ్, 12 డెసిబెల్ అని ఉంది, అంటే స్వరాలను 3000 దగ్గర రెండుగా కోసి, ఆ గీత దాటినవాటిని 12 డెసిబెల్‌ల వాలుతో తగ్గిస్తుందని. అమ్మినవారి పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పైగా అదే బొమ్మతో అదే సెట్టు వేరే వేరే పేర్లతో అమ్మకానికి కనిపిస్తోంది. ఒక్క పేరు చెబితే మిగిలినవన్నీ మంచివని మీరు అనుకునే ప్రమాదం ఉంది.

నాకు ఈ పని ఎందుకంత ముఖ్యమో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా నాన్న ఒగ్గు కథ చెప్పేవారు. మా ఊళ్లో మల్లన్న పట్నాలు వేసిన ఒక రాత్రి ఎవరో టేప్ రికార్డర్‌లో పట్టిన ఆయన గొంతు ఒక క్యాసెట్‌లో మిగిలింది. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. డోలు దెబ్బ, తాళాల మోత, మధ్యలో నాన్న మాట. ఈ మూడూ వేటికవి తేటగా వినబడే పెట్టెలు అమ్మకు చేసి ఇవ్వాలనుకున్నాను. పానగల్ రోడ్డులో నాకు తెలిసిన వడ్రంగితో 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో రెండు పెట్టెలు చేయించాను. అతుకుల దగ్గర గాలి పోకుండా ఆయన రెండుసార్లు జిగురు పట్టించాడు. అంత మంచి పనివాడు. లోపల బిగించిన సరుకే మోసం.

మొదటిసారి వినిపించినప్పుడు అమ్మ కొంచెంసేపు విని, "ఇది మీ నాన్న గొంతు కాదు బిడ్డా" అంది. నిజమే. రేకు డబ్బాలో తల పెట్టి మాట్లాడినట్టు ఉంది. స, శ అక్షరాలు చెవిని గీస్తున్నాయి. డోలు దెబ్బ పడి ఆగాల్సింది పోయి బుం అంటూ సాగుతోంది. పైగా ఎడమ పెట్టె గట్టిగా, కుడి పెట్టె మెల్లగా మోగుతున్నాయి. ఎడమది గోడ మూలలో ఉంది కాబట్టి అలా ఉందేమో అనుకున్నాను. పెట్టెలను అటూ ఇటూ మార్చి చూస్తే ఆ గట్టితనం పెట్టెతోపాటే కుడివైపుకు వచ్చేసింది. అంటే తప్పు గదిలో లేదు.

వూఫర్లను విప్పి, తీగలు తీసేసి మల్టీమీటర్ పెట్టాను. ఒకటి 6.2 ఓమ్‌లు చూపింది. రెండోది 3.5. మళ్లీ పెట్టాను, మళ్లీ 3.5. 8 ఓమ్‌ల డ్రైవర్ కాయిల్ మీటర్‌కు మామూలుగా 5.5 నుంచి 7 మధ్య చూపిస్తుంది. 3 నుంచి 4 మధ్య చూపించేది 4 ఓమ్‌ల డ్రైవర్. స్టిక్కర్ అంచును గోరుతో లేపితే కింద అయస్కాంతం వెనుక ఇనుప పలక మీద సిరాతో 4 అని ముద్ర ఉంది. ఒకే డబ్బాలో, ఒకే పేరుతో వచ్చిన రెండు వూఫర్లు నిజానికి రెండు వేరు సరుకులు. ఒకే వోల్టేజీకి 4 ఓమ్‌లది రెట్టింపు కరెంటు లాగుతుంది. ఎడమ పెట్టె గట్టిగా మోగడానికి కారణం అదే. యాంప్లిఫయర్ ఒక పక్క వేడెక్కడానికి కూడా అదే కారణం.

ఇక క్రాసోవర్ బోర్డు. దయచేసి ఈ భాగం నిదానంగా చదవండి. పైనుంచి చూస్తే ముచ్చటగా ఉంటుంది. రాగి తీగ చుట్టిన లావుపాటి కాయిల్ ఒకటి, కెపాసిటర్లు రెండు, తెల్లటి సిమెంటు రెసిస్టర్ ఒకటి. బోర్డును తిప్పి వెలుతురుకు పట్టి చూశాను. కాయిల్ రెండు కాళ్లూ ఒకే రాగి పట్టీ మీద అతికించి ఉన్నాయి! కరెంటు కాయిల్‌లోకి వెళ్లే అవసరమే లేదు, పక్కనుంచి నేరుగా వూఫర్‌కు పోతుంది. ఆ కాయిల్ కేవలం అలంకారం. నా కళ్లను నేనే నమ్మలేక రెండో బోర్డు కూడా తిప్పి చూశాను. అదీ అంతే. ట్వీటర్ వైపు కెపాసిటర్ మీద 4.7 మైక్రోఫారాడ్ అని ఉంది. మా తోడల్లుడి దగ్గరున్న ఎల్‌సీఆర్ మీటర్‌తో (కాయిల్, కెపాసిటర్ విలువలు కొలిచేది) కొలిస్తే 2.3 వచ్చింది.

దీనివల్ల ఏం జరిగిందంటే, వూఫర్‌కు అడ్డే లేదు. పై స్వరాలన్నీ దాని మీదికే వచ్చి పడ్డాయి. ఆరున్నర అంగుళాల కాగితపు కోను 3000 హెర్ట్జ్ దాటాక ఒక్కటిగా కదలలేదు, ముక్కలుగా వణుకుతుంది. ఆ రేకు డబ్బా శబ్దం అక్కడిదే. 2.3 మైక్రోఫారాడ్ కెపాసిటర్‌తో 8 ఓమ్‌ల ట్వీటర్ దాదాపు 8600 హెర్ట్జ్ దగ్గరగానీ పూర్తిగా అందుకోదు. మనిషి మాటలో హల్లులు తేటపడేది 2000 నుంచి 5000 మధ్య. అంటే నాన్న మాట సరిగ్గా ఎక్కడ పలకాలో అక్కడ వూఫర్‌కు చేత కాదు, ట్వీటర్ ఇంకా రాలేదు.

కొనే ముందు చేయాల్సిన చిన్న లెక్క ఒకటి ఉంది, దీనికి మీటర్ కూడా అక్కరలేదు. రెండు దారుల బోర్డు నిజంగా రెండు వైపులా 12 డెసిబెల్‌ల వాలుతో కోయాలంటే వూఫర్‌కు వరుసలో ఒక కాయిల్, అడ్డంగా (దాని రెండు తీగల మధ్య) ఒక కెపాసిటర్ ఉండాలి. ట్వీటర్‌కు వరుసలో ఒక కెపాసిటర్, అడ్డంగా ఒక కాయిల్ ఉండాలి. అంటే కనీసం రెండు కాయిళ్లు. నా బోర్డు మీద ఉన్నది ఒకటే. బొమ్మలోనే అది కనిపిస్తోంది. నేను లెక్కపెట్టలేదు. మీరు లెక్కపెట్టండి.

ఆ తర్వాత నేను చేసిన తప్పు కూడా చెబుతాను, ఇంకొకరు చేయకూడదని. కెపాసిటరే కదా తేడా అని ఆ 2.3 తీసేసి అసలైన 4.7 ఫిల్మ్ కెపాసిటర్లు వేశాను. గొంతు కొంచెం మెరుగైంది. సంతోషంతో శబ్దం పెంచాను. పావుగంటలో ఎడమ ట్వీటర్ మూగబోయింది. దగ్గరికి వెళితే కాలిన లక్క లాంటి వాసన. 4.7 మైక్రోఫారాడ్, 3000 హెర్ట్జ్ అనే జోడీకి అర్థం పక్కన అడ్డంగా 0.6 మిల్లీహెన్రీ కాయిల్ ఉన్నప్పుడే. అది లేకుండా కెపాసిటర్ ఒక్కటే ఉంటే వాలు 6 డెసిబెల్‌లే. కింది స్వరాలు చాలావరకు లోపలికి వచ్చేస్తాయి. తరువాత దాని జతగా మిగిలిన ట్వీటర్‌ను కొలిస్తే సహజ కంపనం (అది తనంతట తాను ఎక్కువగా ఊగే చోటు) 1900 హెర్ట్జ్ దగ్గర ఉంది. ట్వీటర్‌ను దాని సహజ కంపనానికి కనీసం రెట్టింపు పైన కోయాలన్నది ఈ పని చేసేవాళ్లు పాటించే నియమం. ఆ లెక్కన 3800 పైన కోయాల్సిన ట్వీటర్‌ను 3000 హెర్ట్జ్ బోర్డుతో జతచేసి అమ్మారు. బోర్డు నిజాయితీగా చేసి ఉన్నా ఈ ట్వీటర్ ఎక్కువ కాలం బతికేది కాదు.

అందుకే మోసం లేని రెడీమేడ్ బోర్డు విషయంలోనూ నా అభిప్రాయం గట్టిగానే ఉంది. క్రాసోవర్ విడిగా కొనే వస్తువు కాదు. బోర్డు చేసినవాడు డ్రైవర్ ఎప్పుడూ 8 ఓమ్‌లే అనుకుని లెక్క కడతాడు. నిజంగా వూఫర్ అడ్డు (కరెంటుకు అది చూపే నిరోధం, ఓమ్‌లలో) పై స్వరాల్లో పౌనఃపున్యంతోపాటు పెరుగుతూ పోతుంది. 3000 దగ్గర అది 12 కావచ్చు, 15 కావచ్చు. ట్వీటర్ సాధారణంగా వూఫర్ కంటే గట్టిగా పలుకుతుంది, ఎంత గట్టిగా అన్నది ఆ రెండింటి సెన్సిటివిటీ (ఒకే శక్తికి ఎన్ని డెసిబెల్‌లు పలుకుతుందన్న అంకె) చూసి రెసిస్టర్లతో తగ్గించాలి. మీ చేతిలోని జత తెలియకుండా ఎవరో ఎక్కడో ముందే చేసి పెట్టిన బోర్డు మీ జతకు ఎలా సరిపోతుంది?

డోలు దెబ్బ ఎందుకు సాగిందో తెలియడానికి ఇంకో వారం పట్టింది. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, 1970లలో రిచర్డ్ స్మాల్ వూఫర్‌కూ పెట్టెకూ ఉన్న సంబంధాన్ని కొన్ని అంకెల్లోకి తెచ్చారు. ఎఫ్ఎస్ (సహజ కంపనం), క్యూటీఎస్ (కోను ఊపు ఎంత అదుపులో ఉందో చెప్పేది, ఎక్కువైతే త్వరగా ఆగదు), వీఏఎస్ (కోను బిగువుకు సమానమైన గాలి పరిమాణం) అని డ్రైవర్ వివరాల పత్రంలో కనిపించేవి అవే. ఇన్నేళ్లుగా ప్రపంచమంతా వాడుతున్న ఆ అంకెలు ఇవ్వని అమ్మకందారు దగ్గర వూఫర్ కొనకండి. నాకు ఇవ్వలేదు. రూమ్ ఈక్యూ విజార్డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, 100 ఓమ్‌ల రెసిస్టర్, కంప్యూటర్ సౌండ్ కార్డు పెట్టుకుని నేనే కొలిచాను. వీఏఎస్ కోసం కోను మీద తెలిసిన బరువు అంటించాలి. ప్రకాశం బజారులో నగలు తూచే తక్కెడ మీద 10 గ్రాముల మైనం తూయించి తెచ్చుకున్నాను. క్యూటీఎస్ 0.92 వచ్చింది. గాలి పోయే గొట్టం పెట్టే పెట్టెకు 0.3, 0.4 దగ్గర ఉంటే బాగుంటుంది. మూసిన పెట్టెలో పెట్టినా ఆ అంకె పెరుగుతుందే తప్ప తగ్గదు, మనకు కావలసింది 0.7 చుట్టుపక్కల. అంటే ఈ వూఫర్‌కు నేను ఎంత పెద్ద మూసిన పెట్టె కట్టించినా ఆ బుం పోదు. అమ్మినవాళ్లు మాత్రం బొమ్మలో గొట్టం ఉన్న పెట్టెనే చూపించారు.

వాట్ల గురించి ఒక్క మాట. 120 అన్న అంకెను చూడనే చూడకండి. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్‌లే. 86 డెసిబెల్ వూఫర్‌కు బదులు 89 డెసిబెల్ వూఫర్ తీసుకుంటే యాంప్లిఫయర్‌ను రెట్టింపు చేసినంత లాభం.

అమ్మినవారికి ఫోను చేస్తే వచ్చిన జవాబులు ఇవి. మొదటిసారి: "సౌండ్ వస్తోంది కదా సార్, ఇంకేం కావాలి?" రెండోసారి: "కొత్తవి కదా, 50 గంటలు మోగించండి, వాటంతట అవే సర్దుకుంటాయి." ఈ రెండో మాట దగ్గర జాగ్రత్త. కొత్త వూఫర్ అంచు మోగిన కొద్దీ కొంచెం వదులవడం నిజమే. కానీ 3.5 ఓమ్‌లు 6 కావు, పట్టీ మీద అతికించిన ఉత్తుత్తి కాయిల్ పని మొదలుపెట్టదు. ఆ 50 గంటలూ వాపసు గడువు దాటించడానికే. నా గడువు ఏడు రోజులు, అది వడ్రంగి పెట్టెలు చేస్తుండగానే అయిపోయింది. మూడోసారి ఫోను చేస్తే, స్టిక్కర్ చింపారు కాబట్టి వాపసు లేదన్నారు.

కాబట్టి పార్శిల్ వచ్చిన రోజే విప్పండి, విప్పడాన్ని వీడియో తీయండి. డబ్బా నుంచి తీసిన వెంటనే మీటర్ పెట్టి అంకె కనబడేలా ఆ వీడియోలోనే చూపించండి. బోర్డు అడుగు భాగాన్ని కూడా తీయండి. స్టిక్కర్ మీద చేయి వేయకండి. టంకం పెట్టకండి, మేకు బిగించకండి. ఆ తర్వాతే వడ్రంగి దగ్గరికి వెళ్లండి.

గత నెల మీటర్ సంచిలో వేసుకుని బస్సెక్కి హైదరాబాద్ వెళ్లాను. కోఠి గుజరాతీ గల్లీలో మొదటి దుకాణంలో మీటర్ తీయగానే డబ్బా లోపల పెట్టేశారు. రెండోచోట ఒక పెద్దాయన మాత్రం తానే డబ్బా విప్పి, "పెట్టి చూసుకోండి బాబూ, రెండూ చూసుకోండి" అన్నాడు. ట్వీటర్లు రెండూ సమానంగా ఉన్నాయి, అడ్డు, సహజ కంపనం, సెన్సిటివిటీ రాసిన కాగితం కూడా ఉంది. అక్కడే కొన్నాను. కాయిల్ తీగను బ్లేడుతో కొద్దిగా గీకి చూపించిందీ ఆయనే. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, పూర్తిగా ఎర్రగా ఉంటేనే రాగి. పాత బోర్డు మీది అలంకారపు కాయిల్ తీగ ఇంటికొచ్చి గీకాను. లోపల తెల్లగా ఉంది.

జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేశాను. బిల్లు, ఫోటోలు, కొలతలు పంపాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. రెండేళ్ల లోపు వేయవచ్చు, 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు. ఇదే సెట్టు కొన్నవారు ఉంటే బిల్లు పారేయకండి.

పెట్టెలు ప్రస్తుతం ఖాళీగా ఉన్నాయి. వూఫర్ రంధ్రం 146 మిల్లీమీటర్లకు కోయించేశాను. ఆరున్నర అంగుళాలు అని అమ్మే వూఫర్లన్నీ ఒకే కొలతవి కావు, ఒక్కో కంపెనీ చట్రం ఒక్కోలా ఉంటుంది. 146కు సరిపోయే, క్యూటీఎస్ 0.4 లోపు ఉన్న 8 ఓమ్‌ల జత, వివరాల పత్రంతో సహా ఎవరికైనా తెలిస్తే కింద రాయండి.